గంటిచేను చుట్టూ తొంభై నిమిషాల రీలు

మా ఆయన పోయాక ఆయన చెప్పులు పాలు తెచ్చే అతనికి ఇచ్చేశాను. సైకిలు అమ్మేశాను. చొక్కాల్లో మంచివి అల్లుడికి పక్కన పెట్టి, చిరిగినవి ఇల్లు తుడిచే గుడ్డలు చేశాను. వస్తువు ఊరికే పడి ఉంటే నాకు తోచదు. ఫోను ఒక్కటే ఉంచుకున్నాను.

మా అమ్మాయి భోగాపురంలో ఉంటుంది. అల్లుడికి అక్కడ ఎయిర్‌పోర్టు పనుల్లో ఉద్యోగం. నీ ఫోను నీకు ఉంది కదా, నాన్న నంబరుకి మళ్ళీ రీచార్జి ఎందుకు, దండగ కదా అని అది రెండుసార్లు అడిగింది. దండగ అనే మాట దానికి నేర్పింది నేనే. బ్యాంకు మెసేజీలు ఆ నంబరుకే వస్తాయని చెప్పాను. అబద్ధం. ఆ ఫోనులో ఒక గ్రూపు ఉంది. అందులో మగవాళ్ళు పోట్లాడుకుంటారు. ఆ పోట్లాట వినడానికి ఉంచుకున్నాను.

గరివిడిలో మాది రెండు గదుల ఇల్లు. మధ్యాహ్నం షిఫ్టుకు ఫ్యాక్టరీ సైరను మోగితే వీధిలో బళ్ళు కదులుతాయి. అవి వెళ్ళిపోయాక సాయంత్రం దాకా చప్పుడు ఉండదు. పొద్దున్న ఒకసారి వండి రెండు పూటలూ అదే తింటాను. టీవీ పెడితే కరెంటు దండగ, పెట్టినా అందులో వాళ్ళెవరూ నాకు ఎరిక లేదు. గ్రూపులో వాళ్ళు ఎరికే. ఒక్కడి ముఖమూ చూడలేదు గానీ, దగ్గు విని ఎవరో చెప్పగలను.

నేను మూడో తరగతి దాకా చదివాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, అందుకే నిదానం. అదృష్టం కొద్దీ వాళ్ళు రాయడం తక్కువ. వాళ్ళకూ వయసు మళ్ళింది, అక్షరాలు ఆనవు. బటన్ నొక్కిపట్టి మాట్లాడి పంపుతారు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటాను. ఆదివారాలు పొద్దున్న మొదలుపెడితే అన్నం వేళ దాకా సాగుతుంది.

వాళ్ళ పోట్లాట ఒక ఆర్కెస్ట్రా గురించి. అది ముప్పై ఐదేళ్ళ కిందటిది, బతికింది పది నెలలు. అప్పట్లో విజయనగరంలో ఒకటి, శ్రీకాకుళంలో ఒకటి, బొబ్బిలిలో ఒకటి, ఎక్కడికక్కడ ఆర్కెస్ట్రా పార్టీలు ఉండేవి. పెళ్ళిళ్ళకూ అమ్మవారి పండగలకూ సినిమా పాటలు పాడేవారు. ఒక్కో పార్టీలో ఒక్కడు మాత్రం ఆరితేరినవాడు ఉండేవాడు. అలాంటి ఐదుగురు ఎవరి పార్టీలు వాళ్ళు వదిలేసి ఒకచోట చేరారు. సినిమా పాటలు పాడం, మా పాటలు మేమే కట్టుకుంటాం అన్నారు. కరెంటు గిటార్లు రెండు, కీబోర్డు ఒకటి, పాటగాడు ఒకడు, డ్రమ్ములు. దాన్ని రాక్ అంటారట. మా వీధిలో ఇంగ్లీషు మేళం అన్నారు. మిగతా జనం ఐదుగురి పార్టీ అని పిలిచారు. డ్రమ్ములు కొట్టింది మా ఆయన.

ఐదు పార్టీల అభిమానులూ, అంతకు ముందు ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు, ఒకే లారీ ఎక్కి ఆ ప్రోగ్రాములకు వెళ్ళేవారని విన్నాను. విన్నాను అనే అంటున్నాను. ఆ పది నెలల్లో నేను ఒక్క ప్రోగ్రామూ చూడలేదు. చంకలో పిల్ల, మెట్టలో పని. అదీగాక డ్రమ్ములు అన్నం పెట్టవని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఆయన ముందర దాచలేదు.

గ్రూపులో పెద్ద గొంతులు రెండు. ఒకటి చీపురుపల్లిలో దర్జీది. ఆయన పాటగాడి పక్షం. రెండోది విజయనగరంలో రిటైరైన మేష్టారిది. ఆయనది గిటారు పక్షం. వాళ్ళిద్దరికీ వరస ఉందో లేదో నాకు తెలియదు గానీ ఒకరినొకరు బావ, మావ అనుకుంటారు. ఒకసారి దర్జీ, "ఒరే బావ, నాలుగు తీగలు గీకితే పాటైపోతాదేటి? గొంతున్నాది గనకే జనం నిలబడ్డారు" అన్నాడు. దానికి మేష్టారు, "గిటారుకి ఆరు తీగలుంటాయిరా మావ. లెక్క తెలీనోడివి, లాగులకి కొలతలెలాగ తీస్తన్నావో" అన్నారు. నేను ఒక్కదాన్నే గదిలో నవ్వాను. నవ్వాక ఎవరైనా చూశారేమోనని గుమ్మం వైపు చూశాను.

ఒకడు పాట గొప్ప అంటే ఒకడు గిటారు అంటాడు. ఆ పార్టీ నిలబడి ఉంటే మద్రాసు దాకా వెళ్ళేదని ఒకడు, పది నెలల్లో పోయింది గనకే ఇంకా తలుచుకుంటున్నామని ఇంకొకడు. అందరూ ఒప్పుకునే మాట ఒక్కటే ఉంది. పార్టీని విరగ్గొట్టింది డ్రమ్ములవాడు. ఆఖరి ప్రోగ్రాములో, పాట మధ్యలో, పుల్లలు డ్రమ్ము మీద పడేసి స్టేజి దిగిపోయాడు. పోస్టరులో తన పేరు చివర వేశారని కోపం అంటారు కొందరు. పాటగాడి మీద కుళ్ళు అంటారు కొందరు. ఆయన దిగిపోగానే పాట ఆగిపోయిందనీ, జనం రాళ్ళు తీశారనీ దర్జీ చెబుతాడు. తాను ముందు వరసలో ఉన్నానని ఒట్టేస్తాడు.

మా ఆయన బతికుండగానే ఎవరో ఆయన నంబరు ఆ గ్రూపులో కలిపారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆ మాటలన్నీ వినేవాడు. ఒక్కసారీ బదులివ్వలేదు. నీ మీద అన్నేసి మాటలు అంటుంటే నోరు లేదా అని ఒకరోజు అడిగాను.

"సెప్పడానికేటున్నాది. ఆ పార్టీ ఇప్పుడు ఆల్లది" అన్నాడు.

బదులివ్వకపోవడం పొగరు అని కూడా గ్రూపులో అనుకున్నారు.

జరిగింది వేరు. అప్పటికి ఆయన ఫ్యాక్టరీలో కూలి మనిషి. ఏళ్ళ తరబడి తిరిగితే పర్మినెంటు కాగితం వచ్చింది. ఫలానా రోజు రెండు గంటల షిఫ్టుకు చేరాలి, చేరకపోతే వెనక వరసలో ఇంకొకడు కాచుకుని ఉన్నాడు. సరిగ్గా ఆ రోజే ఫ్యాక్టరీ పక్క మైదానంలో ఐదుగురి పార్టీ ప్రోగ్రాం పడింది. పదకొండు గంటలకు మొదలు, ఒంటిగంటకు అయిపోతుంది, వెళ్ళిపోతాను అన్నాడు. నాకు నమ్మకం లేదు. డ్రమ్ముల ముందు కూర్చుంటే ఆయనకు ఆకలే తెలియదు, గడియారం ఏం తెలుస్తుంది?

ఆయన పొద్దున్న చద్దన్నం తింటుంటే రెండేళ్ళ పిల్లను తెచ్చి ముందర నిలబెట్టాను. ఆయన కుడిచెయ్యి పట్టుకుని పిల్ల నెత్తి మీద పెట్టాను.

"సైరను మోగితే లేసి గేటు కాడికి ఎల్తానని ఒట్టెయ్యి. పాట సగంలో ఉన్నా సరే."

ఆయన పిల్ల వైపు చూశాడు, నా వైపు చూడలేదు. ఒట్టేశాడు. చేతి మెతుకులు పిల్ల జుట్టుకు అంటుకుంటే నేనే తీశాను. మా వైపు పిల్ల నెత్తి మీద వేసిన ఒట్టు తప్పితే అది పిల్లకే కొడుతుందని నమ్ముతాం. నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఆ రోజు పెద్దల ఉపన్యాసాలతో పన్నెండున్నర దాకా స్టేజి ఖాళీ కాలేదట. ఆఖరి పాట సగంలో ఉండగా సైరను మోగింది. ఆయన లేచి వెళ్ళిపోయాడు. గరివిడిలో సైరను రోజూ మోగేదే, దాన్ని ఎవరు పట్టించుకుంటారు? లేచినవాడినే చూశారు. తర్వాత పాటగాడు ఆయనతో మాట్లాడలేదు. రెండు ప్రోగ్రాములు పోయాయి, పార్టీ పోయింది. పెళ్ళాం ఒట్టు వేయించుకుందని ఏ మగవాడు నలుగురిలో చెప్పుకుంటాడు? ఆయన ముప్పై ఏళ్ళు ఆ ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ జీతంతోనే ఈ రెండు గదులు కట్టాం, పిల్లకు పెళ్ళి చేశాం. తప్పు చేశానని నేను అనుకోలేదు. ఇప్పుడూ పూర్తిగా అనుకోను.

ఆ ప్రోగ్రామంతా మైకుసెట్టు అతను ఒక కేసెట్టులో పట్టి, వారం తర్వాత తెచ్చి ఆయనకు ఇచ్చాడు. తొంభై నిమిషాల కేసెట్టు. ఇంకెవరి దగ్గరా లేదు. ఆయన ఆదివారం మధ్యాహ్నాలు టేపురికార్డరులో పెట్టుకుని వినేవాడు. నేను చేటలో చింతపండు గింజలు తీస్తూనో, బియ్యం ఏరుతూనో ఒక చెవి అటు పడేసేదాన్ని. కరెంటు బిల్లు గురించి సణిగేదాన్ని కూడా. అలా పదేళ్ళు. వద్దనుకున్నా అదంతా నా తలలో ఉండిపోయింది. రెండో వైపు చివర్లో ఆఖరి పాట. దాని మధ్యలో సైరను సన్నగా వినిపిస్తుంది. సైరను మోగగానే డ్రమ్ములు ఆగవు. మొదలెట్టిన దరువు చుట్టు పూర్తిగా కొడతాడు. అప్పుడు ఆగుతాయి. కొంచెంసేపు ఉత్త గొంతూ గిటారూ. అప్పుడు జనం చప్పట్లు. డ్రమ్ములు ఎలా కొట్టాలో అలాగే వాళ్ళు చేతులతో కొడతారు, పాట చివరి దాకా. ఎవరూ రాళ్ళు తియ్యలేదు. పాట ఆగలేదు.

అది వినిపిస్తే గ్రూపులో ఒక్క నోరు లేచేది కాదు. కానీ కేసెట్టు లేదు. అది కూడా నేనే.

టేపురికార్డరు పాడైపోయింది. బాగుచేసేవాడు సామాను దొరకదన్నాడు. రెండేళ్ళు ఆ కేసెట్టు రేకు పెట్టెలో పడి ఉంది. ఆ యేడు మా మెట్టలో ముప్పై సెంట్లు గంట్లు వేశాం, అంటే సజ్జలు. కంకి పాలు పోసుకునే వేళకు చిలకలు దిగాయి. మా చుట్టుపక్కల అందరూ పాత కేసెట్ల రీలు లాగి చేను చుట్టూ కర్రలకు కట్టేవారు. ఎండకు తళతళమంటుంది, గాలికి జుయ్యిమంటుంది, పిట్ట వాలదు. కొనక్కర్లేదు. నేను పెట్టె తీసి చూశాను. మిగతావన్నీ అరవై నిమిషాలవి, ఇది తొంభై. పొడుగు రీలు. అది ఏ కేసెట్టో నాకు తెలుసు. తెలిసే తీశాను. మోగే యంత్రం లేనప్పుడు అది నల్లదారమే కదా అనుకున్నాను. రీలు చేను చుట్టూ వచ్చి రెండు బారలు తక్కువైతే, పాత చీర అంచు చింపి ముడేశాను.

ఆయన షిఫ్టు దిగి చేలోకి వచ్చాడు. గట్టు మీద నిలబడ్డాడు. గాలి వస్తోంది, రీలు మోగుతోంది. తిడతాడని నేను గునపం పట్టుకుని ఎదురు చూశాను. తిడితే ఏం చెప్పాలో కూడా తయారుగా ఉంచుకున్నాను.

"పడమటేపు వదులుగా ఉన్నాది" అన్నాడు. వెళ్ళి ఆ ముడి బిగించి కట్టి వచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ యేడు గంట్లు బాగా పండాయి.

ఆయన పోయిన సంగతి గ్రూపుకు చెప్పలేదు. మొదట్లో ఎలా చెప్పాలో తెలియలేదు. దినకర్మలు అయిపోయి అమ్మాయి భోగాపురం వెళ్ళిపోయాక, ఇంట్లో మొదటి ఆదివారం ఫోను టంగుమంది. దర్జీ ఎవరినో తిడుతున్నాడు. వినేసరికి గదిలో మనుషులు ఉన్నట్టనిపించింది. తర్వాత్తర్వాత మందుల దుకాణం పిల్ల బటన్ ఎలా నొక్కాలో నేర్పింది. అప్పటికి చెప్పగలను. చెప్పలేదు. చెబితే ఆ నంబరు తీసేస్తారని నా భయం. వాళ్ళు నా మొగుడిని తిడుతున్నారు, ఆ తిట్లు నాకు తోడు. ఇది ఎవరికి చెప్పుకుంటాం?

ఈ యేడు వేసవి తర్వాత మేష్టారు ఒక మాట తెచ్చారు. ఐదుగురి పార్టీని తలుచుకుంటూ విజయనగరంలో చిన్న సభ పెడదాం, ఉన్నవాళ్ళకు శాలువా కప్పుదాం, పోయిన పాటగాడి ఫొటోకు దండ వేద్దాం అని. అందరూ సరే అన్నారు. ఎవరో డ్రమ్ములాయన్ని కూడా పిలుద్దామా అని అడిగారు. అప్పుడు దర్జీ గొంతు వచ్చింది. కోపంగా కూడా లేదు.

"నడుమన లేసి ఎల్లిపోయినోడికి శాలువేటి. నలుగురి పేర్లే ఎయ్యండి."

మేష్టారు కూడా దానికి ఒప్పుకున్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీదకు రావడం అదే మొదటిసారి.

నేను ఫోను బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను. బతికుండగా ఆయన ముఖాన అన్నారు, ఆయన విన్నాడు, ఊరుకున్నాడు. అది ఆయన ఇష్టం. ఇప్పుడు ఐదుగురి పార్టీని నలుగురిది చేస్తున్నారు. ఊరుకుంటే అది నా ఇష్టం అవుతుంది. నాలుగు రోజులు ఆలోచించాను. చెబితే ఆదివారాలు ఏమవుతాయో అని కూడా ఆలోచించాను. అది ఒప్పుకోవాలి.

ఐదో రోజు సొట్టల అల్యూమినియం గిన్నె బోర్లించి ముందర పెట్టుకున్నాను. పప్పుగుత్తి తిప్పి కాడ వైపు పట్టుకున్నాను. రెండో చేతిలో అట్లకాడ. ఫోను గోడకు ఆనించి, బటన్ జారకుండా ఎలా పెట్టాలో ఆ మందుల దుకాణం పిల్లే అంతకు ముందు చూపించింది.

"నాను డ్రమ్ములాయన ఇంటిదాన్ని. ఆయన పోయి రెండేళ్ళు దాటిపోనాది బాబూ. మీకు సెప్పకుండా మీ మాటలు ఇంటన్నాను, అది నా తప్పు. ఆయన కోపానికి లేసిపోలేదు. సైరను మోగితే లేసినాడు. గుంట నెత్తి మీద సెయ్యెట్టించి ఒట్టేయించినాను, పని పోతాదని. పార్టీని విరగ్గొట్టింది ఆయన కాదు, నాను. ఆ రోజు కేసెట్టు ఎవుల కాడైనా ఉన్నాదా అని మీరు అడుగుతుంటారు కదా, అది గంటిసేనుకి కట్టినాను. అదీ నానే. పాట ఆగలేదు. ఆయన సుట్టు పూర్తిగా కొట్టి లేసినాడు. ఇలగ."

అని గిన్నె మీద కొట్టాను. సైరను వచ్చే చోట నోటితో చెప్పాను. చుట్టు పూర్తి చేసి, ఆపి, చప్పట్లు కూడా కొట్టి చూపించాను. తర్వాత ఇంకేమీ చెప్పడానికి లేక ఆపేశాను. నా గొంతు నేను ఒక్కసారి కూడా తిరిగి వినలేదు. పంపేశాను.

ఆ సాయంత్రం ఫోను ఆగకుండా మోగింది. అయ్యో అన్నవాళ్ళు, దండం బొమ్మలు పెట్టినవాళ్ళు. అమ్మా అని పిలిచి మాట్లాడారు. మేష్టారు స్వయంగా ఫోను చేసి ఆయన ఫొటో కూడా సభలో పెడతామన్నారు, మీరు రావాలి అన్నారు. ఆ రెండు రోజులూ బాగానే ఉంది. ఆదివారం వచ్చింది. పొద్దున్నే పని ముగించుకుని ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పది అయింది. పదకొండు అయింది. ఎవరో పూల బొమ్మతో శుభోదయం పెట్టారు. అంతే. తర్వాతి ఆదివారం అదీ లేదు. ఫోను పాడైందేమోనని మందుల దుకాణం దాకా వెళ్ళి చూపించాను. బాగానే ఉందంది ఆ పిల్ల.

మూడు వారాల తర్వాత, ఫొటో తీసుకెళ్ళడానికి దర్జీ వచ్చాడు. చీపురుపల్లి నుంచి ఆటోలో దిగాడు. ఆ దగ్గు విని తలుపు తియ్యకముందే ఎవరో తెలిసింది. ఇంత లావు గొంతుకు మనిషి సన్నగా ఉన్నాడు. మెడలో కొలత టేపు తీయడం మర్చిపోయి వచ్చాడు. కూర్చోమని టీ పెట్టాను. పంచదార ఒక చెంచాయే వేశాను, అందరికీ అంతే.

డ్రమ్ముల ముందు తీసిన ఫొటో మా ఇంట్లో లేదు. ఫొటోల మీద ఖర్చు పెట్టనిచ్చినదాన్ని కాదు. ఫ్యాక్టరీ కార్డు మీది ఫొటో ఉంది, అదే ఇచ్చాను. ఖాళీ కేసెట్టు డొప్ప కూడా చూపించాను, అది పారేయలేదు, గుండీలు వేసి ఉంచాను. గుండీలు నా చేతిలో పోసి, డొప్ప అటూ ఇటూ తిప్పి చూశాడు.

గ్రూపులో ఎవరూ ఎందుకు మాట్లాడటం లేదని అడిగాను. ఆయన టీ గ్లాసులోకి చూశాడు.

"మీరు ఇంటన్నారని తెలిసేక నోరు రావట్లేదమ్మా. పెద్ద ఆడమనిషి ముందర ఏటని తిట్టుకుంటాం? ఇంకో గ్రూపు ఎట్టుకున్నాం."

"అందులో ఆయన్నేటంటన్నారు?"

"ఆయన్ని ఎవులూ ఏటీ అనట్లేదు. ఒట్టు." గ్లాసు కింద పెట్టాడు. "మిమ్మల్ని అంటన్నారు."

"అననీ" అన్నాను. "నన్ను అందులో ఎయ్యకు. నాను ఇంటే మళ్ళీ మానేస్తారు."

సభకు రావాలి, ఆయన శాలువా మీరే తీసుకోవాలి అని మళ్ళీ అడిగాడు. పార్టీని ఆపినదానికి శాలువేటి బాబూ అన్నాను. తన మాట తనకు గుర్తొచ్చిందో ఏమో, తల వంచుకున్నాడు. అప్పుడు మెల్లగా చెప్పాడు, ఆ రోజు చప్పట్లు తానూ కొట్టాడట. నా గిన్నె చప్పుడు విన్నాక చేతులకు గుర్తొచ్చిందట. ఇన్నేళ్ళూ ఎలా మర్చిపోయానో తెలియడం లేదన్నాడు.

లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"గానీ మీరు కొట్టిందాన్లో ఒకటి తప్పున్నాదమ్మా. సుట్టు పూర్తి సేసి ఆపలేదు ఆయన. మరొక్క దెబ్బ, తరవాత సుట్టుది మొదటి దెబ్బ, అదేసి లేసినాడు."

"పదేళ్ళు ఇన్నాను నాను. నువ్వు ఒక్కసారి ఇన్నావు."

"ఒక్కసారే. ఎదురుగా ఉండి ఇన్నాను."

నేను ఒప్పుకోలేదు. గుమ్మంలో నిలబడి ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. గొంతు పెంచాడు, నేనూ పెంచాను. అమ్మా అనడం మర్చిపోయి, "కాదంటంటే ఇనవేటి" అన్నాడు. తర్వాత తప్పయిపోయింది అన్నట్టు చేతులు జోడించి ఆటో ఎక్కాడు. రెండేళ్ళలో ఈ ఇంట్లో అంత చప్పుడు అదే.

ఆటో వెళ్ళాక రెండు టీ గ్లాసులూ కడిగాను. దర్జీ కోసం దించిన గ్లాసు మళ్ళీ పై అరలోకి ఎక్కించాను. మధ్యాహ్నం సైరను మోగింది, వీధి ఖాళీ అయింది. ఊరికే కూర్చోలేక గిన్నె బోర్లించాను. ఎప్పటిలా చుట్టు పూర్తి చేసి ఆపి, చప్పట్లు మొదలుపెట్టాను. ఎక్కడ అందుకోవాలో చేతులకు తెలియలేదు. ముందు ఎప్పుడూ చూసుకోలేదు అది. మళ్ళీ కొట్టాను, ఈసారి దర్జీ చెప్పిన ఆ ఒక్క దెబ్బ వేసి ఆపాను. చేతులు వాటంతట అవే సరైన చోట కలిశాయి. ఆ దెబ్బ పడితేనే మిగతావాళ్ళకు తోవ దొరుకుతుంది. ఆయన మధ్యలో వదిలేసి వెళ్ళలేదు. పాటను వాళ్ళ చేతుల్లో పెట్టి వెళ్ళాడు. పదేళ్ళు బియ్యం ఏరుతూ విన్నాను, ఆ ఒక్కటీ వినలేదు.

దర్జీ నంబరు తీసుకోలేదు. మా ఆయన ఫోను తీసి పాత గ్రూపులోనే బటన్ నొక్కాను.

"ఆ దర్జీబాబు సెప్పిందే రైటు. ఒక దెబ్బ ఉన్నాది. నాను తప్పు కొట్టినాను" అన్నాను.

పంపినట్టు గుర్తు పడింది. ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. చీకటి పడేదాకా చూసి, లేచి దీపం వేసుకున్నాను. అది జరిగి పదకొండు రోజులైంది. ఆ గుర్తు రంగు మారలేదు, ఇంకా ఎవరూ వినలేదు. నిన్న మళ్ళీ రీచార్జి చేయించాను.